విక్రాంత్‌కు బదులు నిలబడిన ఓడ

2017లో వచ్చిన ‘ఘాజీ’ సినిమా చూసినవాళ్లలో చాలామంది పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీని మన జలాంతర్గామే ముంచిందనుకుంటారు. అది తెర కోసం అల్లుకున్న కథ. భారత్-పాక్ యుద్ధ సమయంలో, 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి వేళ విశాఖ రేవు దాటి వచ్చి నీళ్లలోకి డెప్త్ ఛార్జీలు జారవిడిచింది ఐఎన్ఎస్ రాజ్‌పుత్. అప్పటికే రిటైర్మెంటుకు సిద్ధంగా ఉన్న పాత డిస్ట్రాయరు అది.

అది పుట్టిన కాలం మన తీరానికి గుర్తుండాల్సిన కాలం. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. దానికి కొద్దిరోజుల ముందే, మార్చిలో, స్కాట్లండ్‌లోని క్లైడ్‌బ్యాంక్‌లో ‘రోథర్‌హామ్’ అనే డిస్ట్రాయరు నీళ్లలోకి దిగింది. బ్రిటన్ ‘ఆర్’ తరగతి పేరుతో కట్టిన ఎనిమిది ఓడల్లో అది నాయక నౌక. ఆ రోథర్‌హామే 1949లో మనకొచ్చి రాజ్‌పుత్ అయింది. దాని తోబుట్టువులు రైడర్, రిడౌట్ మన దగ్గర రాణా, రంజిత్ అయ్యాయి.

పొడవు 358 అడుగులు, బరువు సుమారు 1,700 టన్నులు. ఆవిరి టర్బైన్ల శక్తి 40,000 హార్స్‌పవర్. గరిష్ఠ వేగం 36 నాట్లు, అంటే గంటకు 66 కిలోమీటర్ల పైమాటే. 4.7 అంగుళాల ఫిరంగులు నాలుగు, టార్పెడో గొట్టాలు ఎనిమిది. కవచం దాదాపు లేదు. దెబ్బ కాచుకోవాలంటే వేగమే దిక్కు. ఈ తరగతిలో నాకు బాగా నచ్చిన మార్పు మాత్రం ఆయుధాల్లో లేదు. అంతకుముందు అధికారుల గదులన్నీ ఓడ వెనక కొసన ఉండేవి. సముద్రం పోటెత్తితే అలలు కొట్టే డెక్కు మీదుగా బ్రిడ్జికి చేరడం ప్రాణసంకటం. ‘ఆర్’ ఓడల్లో ఆ గదుల్ని మధ్యకు తెచ్చారు.

రెండో ప్రపంచ యుద్ధంలో ఈ తరగతి ఓడలు ఎక్కువగా హిందూ మహాసముద్రంలోనే తిరిగాయి. జర్మన్ జలాంతర్గాములకు ఇంధనం మోసే ‘షార్లొట్ ష్లీమన్’ను 1944 ఫిబ్రవరిలో వీటిలో ఒకటైన రిలెంట్‌లెస్ పట్టుకుంది. మరుసటి నెల అలాంటిదే అయిన ‘బ్రాకె’ పని మరో ఓడ రోబక్ చూసింది. చమురు అందకపోతే జలాంతర్గామి ఎంత గొప్పదైనా ఇంటిదారి పట్టాల్సిందే.

ఇక డెప్త్ ఛార్జి. అది పేలుడు మందు కూరిన డ్రమ్ము. లోతుకు పోయేకొద్దీ నీటి ఒత్తిడి పెరుగుతుంది; ముందుగా సెట్ చేసిన ఒత్తిడి తగలగానే పేలుతుంది. గాలి నొక్కితే కుంచించుకుపోతుంది గానీ నీరు ఆ మాట వినదు. అందుకే పేలుడు దెబ్బ గాలిలో కన్నా ఎక్కువ దూరం పోతుంది. గోదావరిలో దొంగతనంగా తూటాలు పేలిస్తే తూటా తగలని చేపలు కూడా తేలిపోతాయి, ఇదీ అంతే. అందుకే వేసిన ఓడ కూడా వేగంగా తప్పుకోవాలి. లోతు తక్కువైతే దానికే ముప్పు.

జలాంతర్గామి ఎక్కడుందో కనిపెట్టడం ఇంకా కష్టం. సోనార్ నీళ్లలోకి శబ్దం పంపి ప్రతిధ్వని కోసం వింటుంది. కానీ బంగాళాఖాతంలో గంగ, బ్రహ్మపుత్ర, మహానది, మన గోదావరి పాయ గౌతమి తెచ్చి పోసే మంచినీరు ఉప్పునీటి మీద పొరగా పరుచుకుంటుంది. ఉప్పు, వేడి మారే పొరల దగ్గర శబ్దం తిన్నగా పోకుండా వంగుతుంది. ఆ వంపు చాటున జలాంతర్గామి దాక్కోవచ్చు.

అందుకే తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ వెతకడం కన్నా రప్పించడం మేలనుకున్నారు. ఘాజీ వస్తున్నది విమానవాహక నౌక విక్రాంత్ కోసం. విక్రాంత్‌ను అండమాన్‌కు పంపేసి, విశాఖకు సుమారు 160 మైళ్ల దూరంలో రాజ్‌పుత్‌ను విక్రాంత్‌లా నటించమన్నారు. అది పెద్ద ఓడకు తగ్గట్టు వైర్‌లెస్‌లో జోరుగా సందేశాలు పంపింది. విశాఖ కాంట్రాక్టర్లకు మాంసం, కూరగాయలు భారీగా ఆర్డరిచ్చారు, కబురు బజారున పడాలని.

డిసెంబరు 3 రాత్రి విశాఖ రేవు దాటాక నీళ్లు అనుమానాస్పదంగా కదలడం చూసి రాజ్‌పుత్ రెండు ఛార్జీలు వేసింది. కాసేపటికి పెద్ద పేలుడు వినబడింది. తెల్లవారాక జాలర్లకు శకలాలు దొరికాయి. ఘాజీలో ఉన్న తొంభై మందికి పైగా నావికుల్లో ఒక్కరూ మిగల్లేదు. రాజ్‌పుత్ ఛార్జీలే ముంచాయని మన నౌకాదళం అంటుంది. ఘాజీ తాను పెట్టిన మైన్లే పేలి మునిగిందని పాకిస్తాన్ అంటుంది. లోపల బ్యాటరీల నుంచి వచ్చిన హైడ్రోజన్ వల్ల కావచ్చనే వాదనా ఉంది. ఈ తగవు తేలలేదు.

అది తేలినా తేలకపోయినా, ఎర పనిచేసిందన్న దాంట్లో సందేహం లేదు. ఘాజీ విశాఖ ముందు కాపు కాస్తుంటే విక్రాంత్ క్షేమంగా ఉంది. డిసెంబరు 4న దాని విమానాలు కాక్స్‌బజార్‌పై దాడి చేశాయి. విశాఖ ఆర్కే బీచ్‌లో ‘విక్టరీ ఎట్ సీ’ స్మారకం దగ్గర ఆగినప్పుడు, మీ పిల్లలకు ఘాజీ పేరుతో పాటు రాజ్‌పుత్ పేరూ చెప్పండి.