కొత్తగూడెం కోలుకుంటోందా? టన్నులు పెరిగాయి, మరి ఊరి సంగతేంటి?

కొత్తగూడెం సూపర్ బజార్ సెంటర్‌లో ఏ టీ కొట్టు దగ్గరైనా ఈ ప్రశ్న అడిగి చూడండి. రెండు జవాబులు వస్తాయి, రెండూ గట్టిగానే వస్తాయి. ‘‘జిల్లా అయింది, మెడికల్ కాలేజీ వచ్చింది, కార్పొరేషన్ కూడా అయింది, ఇంకేం కావాలి?’’ అనేవారు ఒకరు. ‘‘బాయిలు మూతపడ్డంక ఊరేముంటది అన్నా? మా పిల్లలంతా హైదరాబాద్‌లనే ఉన్నరు’’ అనేవారు ఇంకొకరు.

ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు. ఒకరు ఆఫీసుల లెక్క చూస్తున్నారు, మరొకరు జీతాల లెక్క చూస్తున్నారు. వీటికి తోడు కంపెనీ లెక్క అని మూడోది ఉంది. పేపర్లలో ఎక్కువగా కనిపించేది అదే. మీరు ఇక్కడ ఇల్లు కొనాలనుకుంటున్నా, హైదరాబాద్ వదిలి వెనక్కి రావాలనుకుంటున్నా, ఇంట్లో ఒకరు కాంట్రాక్టు పనిలో ఉన్నా ఈ మూడింటినీ కలిపేయకుండా చూడటం మంచిది.

కంపెనీ మాత్రం కోలుకుంది

1990ల్లో సింగరేణి రెండుసార్లు బీఐఎఫ్‌ఆర్ దాకా వెళ్లింది. ఖాయిలా పడ్డ కంపెనీలను బతికించాలా, మూసేయాలా అని అప్పట్లో తేల్చిన కేంద్ర బోర్డు అది. అక్కడి నుంచి సంస్థ బయటపడింది. 2023-24లో దాదాపు 7 కోట్ల టన్నుల బొగ్గు తీసింది, రూ.4,701 కోట్ల లాభం ప్రకటించింది. ఇందులో రాష్ట్ర ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది.

ఇప్పుడు ఇంకో వరుస అంకెలు చూడండి. 1990-91లో సింగరేణిలో సుమారు 1.16 లక్షల మంది ఉద్యోగులు ఉండేవారు. ఇప్పుడు పర్మినెంట్ ఉద్యోగులు 40 వేల చిల్లర. అప్పటితో పోలిస్తే బొగ్గు నాలుగు రెట్లు వస్తోంది, మనుషులు దాదాపు మూడో వంతుకు తగ్గారు.

కారణం తవ్వే పద్ధతిలో ఉంది. భూగర్భ గనిలో తట్టా చెమ్మాస్ పట్టి టబ్బులు నింపే ఫిల్లర్లు, పైకప్పు కూలకుండా దిమ్మెలు పెట్టేవాళ్లు, పంపులు చూసేవాళ్లు, లాంపులు ఇచ్చేవాళ్లు... ఒక్కో ఇంక్లైన్‌కు వందల మంది కావాలి, అదీ మూడు షిఫ్టుల్లో. ఓపెన్‌కాస్ట్‌లో ఆ అవసరం లేదు. పైనున్న మట్టిని, రాతిని (గని భాషలో ఓబీ) తీసేసి షావెల్‌తో బొగ్గు ఎత్తి డంపర్‌లో పోస్తారు. ఆ మట్టి తీసే పనిలో ఎక్కువ భాగం ప్రైవేటు కాంట్రాక్టర్లది. అందుకే టన్ను ఖర్చు తగ్గింది, కంపెనీ నిలబడింది. షిఫ్టు దిగి రుద్రంపూర్, త్రీ ఇంక్లైన్, బాబుక్యాంపు వైపు సైకిళ్ల మీద వెళ్లే జనం తగ్గారు. వాళ్ల నెల జీతం మీద నడిచిన కిరాణా కొట్లు, టైలర్ షాపులు, చిట్టీలు కూడా తగ్గాయి.

పాల్వంచలో ఇదే కథ కరెంటు రూపంలో జరిగింది. కేటీపీఎస్ పాత ప్లాంటులో 8 యూనిట్లు కలిపి 720 మెగావాట్లు. 1960ల్లో మొదలైన ఆ యూనిట్లను దశలవారీగా ఆపేశారు, 2024 ఆగస్టు 5న వాటి 8 కూలింగ్ టవర్లను పేల్చి నేలమట్టం చేశారు. ఆ వీడియో మీ ఫోన్‌కూ వచ్చే ఉంటుంది. దానికి ముందే, 2018 డిసెంబర్‌లో, ఏడో దశ కింద ఒకే ఒక్క యూనిట్ 800 మెగావాట్లతో మొదలైంది. ఎనిమిది యూనిట్లు కలిసి ఇచ్చిన దానికంటే ఒక్కటే ఎక్కువ ఇస్తోంది. నడపడానికి అంతమంది అక్కర్లేదు కూడా.

స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీ సంగతి ఇంకా నిరాశ. పాల్వంచలో కేంద్రం పెట్టిన స్పాంజ్ ఐరన్ ఇండియా 2010లో ఎన్‌ఎండీసీలో కలిసింది. తర్వాత ఉత్పత్తి ఆగిపోయింది. 2014 విభజన చట్టంలో ఖమ్మం జిల్లాకు ఉక్కు కర్మాగారం సాధ్యమా అని సెయిల్ ఆరు నెలల్లో పరిశీలించాలని రాశారు. బయ్యారం పేరుతో ప్రతి ఎన్నికలోనూ వినిపించేది ఆ వాక్యమే. కర్మాగారం రాలేదు.

‘కొత్తగూడెం ఏరియా’ అంటే కొత్తగూడెం కాదు

ఉత్పత్తి వార్తలు చదివేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. సింగరేణి లెక్కల్లో ‘కొత్తగూడెం ఏరియా’ లక్ష్యాన్ని మించిందని వస్తే, ఆ బొగ్గులో సింహభాగం మీ ఊరి నుంచి వచ్చినది కాదు. అది ఖమ్మం జిల్లా సత్తుపల్లి దగ్గరి జేవీఆర్ ఓపెన్‌కాస్ట్ బొగ్గు. పాలనాపరంగా ఆ గనులు కొత్తగూడెం ఏరియా కిందకి వస్తాయి కాబట్టి అంకె ఇక్కడ పడుతుంది. ఒకప్పుడు అక్కడి బొగ్గు లారీల్లో ఇక్కడికి వచ్చేది. రోడ్డు పాడవడం, దుమ్ము, ప్రమాదాలు ఒకవైపు ఉన్నా లారీ డ్రైవర్లు, క్లీనర్లు, పంక్చర్ షాపులు, ధాబాలు దాని మీద బతికాయి. భద్రాచలం రోడ్ నుంచి సత్తుపల్లికి 54 కిలోమీటర్ల రైలు మార్గం పడ్డాక బొగ్గు నేరుగా వ్యాగన్ ఎక్కుతోంది. ఊపిరితిత్తులకు మంచిదే, ధాబాలకు దెబ్బ.

కంపెనీ అడుగులు ఇంకా దూరం పడుతున్నాయి. 2025 ఏప్రిల్‌లో ఒడిశా అంగుల్ జిల్లాలోని నైనీ బ్లాక్‌లో సింగరేణి తవ్వకం మొదలుపెట్టింది. రాష్ట్రం బయట దాని తొలి గని అది. ఏటా కోటి టన్నుల సామర్థ్యం. ఆ లాభం కొత్తగూడెంలోని హెడ్డాఫీసు పుస్తకాల్లో కనబడుతుంది, అక్కడి టీ కొట్టుకు రాదు.

ఇది కొత్త అనుభవమేమీ కాదు. 1871లో విలియం కింగ్ బొగ్గు జాడ కనిపెట్టింది ఇల్లందు దగ్గర, 1889లో తవ్వకం మొదలైందీ అక్కడే, కంపెనీ పేరు కూడా అక్కడి సింగరేణి గ్రామానిదే. అక్కడ బొగ్గు తరిగాక కేంద్రం కొత్తగూడేనికి మారింది. ఇల్లందుకు ‘బొగ్గుట్ట’ అన్న పేరు మిగిలింది. కొత్తగూడెంలో పెద్దవాళ్లు భయపడేది ఈ ఉదాహరణ చూసే.

రూ.1.90 లక్షలు, రూ.5 వేలు

జీతాల లెక్కలో అసలు తేడా దసరా ముందు బయటపడుతుంది. 2023-24 లాభాల నుంచి పర్మినెంట్ కార్మికులకు రూ.796 కోట్లు పంచారు. సగటున తలా రూ.1.90 లక్షలు. అదే ఏడాది, సంస్థ చరిత్రలో తొలిసారిగా, సుమారు 25 వేల మంది కాంట్రాక్టు కార్మికులకు కూడా ఇచ్చారు. తలా రూ.5 వేలు.

తొలిసారి ఇచ్చారన్నది నిజమే, మెచ్చుకోవాల్సిందే. కానీ ఊరు కోలుకోవడం అనే కోణంలో చూస్తే ఈ నిష్పత్తే అసలు సమాచారం. డంపర్ పక్కన నిలబడి పనిచేసే యువకుడి చేతికి వచ్చేది చిన్న మొత్తం. అతను ఇల్లు కట్టడు, లోన్ దొరకదు, పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు ‘సింగరేణిలో పని’ అంటే ‘పర్మినెంటా?’ అని ఎదురు ప్రశ్న వస్తుంది. తండ్రి ఉద్యోగం కొడుక్కు వచ్చే దారి కూడా ఇరుకైంది. కార్మికుడు చనిపోయినా, అనారోగ్యంతో మెడికల్ బోర్డు అన్‌ఫిట్ చేసినా కారుణ్య నియామకం ఉంటుంది. ఆ బోర్డు చుట్టూ ఎంత ఆశ, ఎంత ఒత్తిడి ఉంటాయో కాలనీల్లో ఎవరినడిగినా చెబుతారు.

మీ ఇంట్లో ఎవరైనా గనిలో కాంట్రాక్టు పనిచేస్తుంటే ముందు సీఎంపీఎఫ్, అంటే బొగ్గు గనుల పీఎఫ్ నంబరు అడగండి. జీతం చీటీలో కోత కనిపిస్తూ ఖాతాలో జమ కాకపోతే ఆ చీటీలు దాచిపెట్టండి. కాంట్రాక్టర్ మారిపోయాక అడగడానికి చేతిలో ఉండే ఆధారం అవే. పని ఇచ్చిన ప్రధాన యజమానికి కూడా బాధ్యత ఉంటుంది కాబట్టి ఫిర్యాదు గని మేనేజర్‌కు, పీఎఫ్ ప్రాంతీయ కార్యాలయానికి రెండింటికీ రాతపూర్వకంగా ఇవ్వండి.

ఆఫీసులు వస్తే ఊరు బతుకుతుందా?

కొంతవరకు బతుకుతుంది. 2016 అక్టోబర్ 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. 2022లో 150 సీట్లతో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. 2023 జనవరిలో కొత్తగూడెం, పాల్వంచల మధ్య సమీకృత కలెక్టరేట్ తెరిచారు. 1978లో స్కూల్ ఆఫ్ మైన్స్‌గా పుట్టిన కాలేజీ 2025లో మన్మోహన్ సింగ్ పేరిట ఎర్త్ సైన్సెస్ యూనివర్సిటీ అయింది.

జర్మనీలోని రూర్ బొగ్గు ప్రాంతంలో గనులు మూతపడటం మొదలైన రోజుల్లోనే, 1960ల్లో, బోఖుమ్‌లో యూనివర్సిటీ పెట్టారు. అంతకుముందు ఆ గని పట్టణాల్లో యూనివర్సిటీ లేదు. దేశంలో చివరి రాతిబొగ్గు గని మూసింది 2018లో. అంటే ప్రత్యామ్నాయానికి వాళ్లు తీసుకున్న సమయం యాభై ఏళ్లకు పైనే. కొత్తగూడెంలో వర్సిటీ బోర్డు పెట్టిన మరుసటి ఏడాదే ఊరు మారిపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. మూసిన గనుల్లో నీళ్లు, కుంగే నేల, ఓబీ గుట్టల మీద అడవి పెంచడం... ఇక్కడే చదవాల్సిన, ఇక్కడే పని దొరకాల్సిన సబ్జెక్టులు ఇవి. అధ్యాపక పోస్టులు నిండుతున్నాయా, ల్యాబులు వస్తున్నాయా అన్నది ఏటా చూడాల్సిన విషయం.

కార్పొరేషన్ విషయంలో ఒక చిక్కుముడి ఉంది. 2025లో కొత్తగూడెం, పాల్వంచ మున్సిపాలిటీలను, సుజాతనగర్ మండలంలోని ఏడు పంచాయతీలను కలిపారు. పాల్వంచ షెడ్యూల్డ్ ప్రాంతం. రాజ్యాంగంలోని 243-జెడ్‌సీ అధికరణం ప్రకారం, పార్లమెంటు విడిగా చట్టం చేస్తే తప్ప మున్సిపాలిటీల భాగం షెడ్యూల్డ్ ప్రాంతాలకు వర్తించదు. అందుకే పాల్వంచలో రెండు దశాబ్దాలకు పైగా మున్సిపల్ ఎన్నికలు లేకుండా అధికారుల పాలన నడిచింది. విలీనంతో ఈ సమస్య తీరిందని కొందరు, గిరిజనుల రక్షణకు గండి పడుతుందని ఇంకొందరు వాదిస్తున్నారు. రెండో వాదనను తేలిగ్గా తీసేయలేం.

ఇల్లు కొనేవాళ్లకు ఇది నేరుగా తగిలే విషయం. షెడ్యూల్డ్ ప్రాంతంలో 1/70 చట్టం వర్తిస్తుంది. అక్కడ గిరిజనేతరుల పేరిట భూమి బదిలీ చెల్లదు, అమ్మేది గిరిజనేతరుడైనా సరే. కార్పొరేషన్ ఇంటి నంబరు ఇచ్చిందనో, కరెంటు మీటరు ఉందనో హక్కు రాదు. సర్వే నంబరు పట్టుకుని తహసీల్దార్ కార్యాలయంలో అడగండి. కొత్తగూడెం వైపు ఇంకో మెలిక ఉంటుంది, ఆ స్థలం ఒకప్పుడు సింగరేణిదా అన్నది. సంస్థ ప్రభుత్వానికి వదిలేసిన భూముల్లోని ఇళ్లను 2019 నాటి జీవో 76 కింద క్రమబద్ధీకరించారు. పట్టా చూపిస్తే అది ఆ జీవో కింద ఇచ్చిందేనా, సరిహద్దులు సరిపోతున్నాయా సరిచూసుకోండి.

గని డబ్బు మీ వీధికి వచ్చిందా?

ఊరి వాదనల్లో అంతగా వినపడని పేరు డీఎంఎఫ్‌టీ, జిల్లా ఖనిజ ఫౌండేషన్ ట్రస్టు. 2015లో గనుల చట్టాన్ని సవరించి దీన్ని తెచ్చారు. 2015 జనవరి 12కు ముందు ఇచ్చిన లీజులైతే కంపెనీ ప్రభుత్వానికి కట్టే రాయల్టీకి అదనంగా అందులో 30 శాతం ఈ ట్రస్టుకు జమచేయాలి. ఆ డబ్బు గని ప్రభావిత ప్రాంతాల తాగునీరు, వైద్యం, చదువు, పర్యావరణం లాంటి వాటికి. 2024లో సవరించిన కేంద్ర మార్గదర్శకాల్లో గనికి 15 కిలోమీటర్ల లోపు ప్రాంతాన్ని ప్రత్యక్ష ప్రభావిత ప్రాంతంగా లెక్కించారు.

మీ వీధిలో నల్లా మూడు రోజులకోసారి వస్తుంటే అడగాల్సిన చోటు కలెక్టరేట్. పది రూపాయల ఫీజుతో ఆర్టీఐ దరఖాస్తు పెట్టి మూడు విషయాలు అడగండి: గత మూడేళ్లలో ఎంత జమ అయింది, మీ డివిజన్ లేదా గ్రామంలో ఏ పనులు మంజూరయ్యాయి, వాటిలో ఎన్ని పూర్తయ్యాయి. 30 రోజుల్లో సమాధానం రావాలి. సిమెంటు రోడ్ల జాబితా పొడవుగా, తాగునీటి జాబితా పొట్టిగా ఉంటే ఊరు కోలుకుంటోందా అన్న చర్చకు మీ దగ్గర ఒక కాగితం ఉన్నట్టు.

రైలు విషయం కూడా గమనించండి. భద్రాచలం రోడ్ అన్న పేరు చూసి దిగిన యాత్రికులకు రాముడి గుడి ఇంకా 40 కిలోమీటర్లు ఉంటుంది.  మల్కనగిరి నుంచి భద్రాచలం మీదుగా పాండురంగాపురం దాకా కొత్త మార్గానికి 2024 ఆగస్టులో కేంద్ర కేబినెట్ ఆమోదం ఇచ్చింది. అది పడితే ఒడిశాకు దారి తెరుచుకుంటుంది. సరకు బళ్లు మాత్రమే తిరుగుతాయా, ప్రయాణికుల బళ్లు కూడా ఆగుతాయా అన్నదాన్ని బట్టి ఊరికి దాని విలువ ఉంటుంది.

ఇక జనం లెక్క. 2011లో కొత్తగూడెం, పాల్వంచ మున్సిపాలిటీల జనాభా ఒక్కోటి సుమారు 80 వేలు. చుంచుపల్లి, లక్ష్మీదేవిపల్లి వైపు పెరిగిన ఇళ్లు ఆ లెక్కలో లేవు. తర్వాతి జనగణన 2027లో. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న మీ అబ్బాయిని అక్కడే రాస్తారు, ఇక్కడి ఇంటి తాళం చెవి అతని దగ్గరున్నా సరే. పట్టణాలకు వచ్చే ఆర్థిక సంఘం నిధుల్లో జనాభాకు పెద్ద పాత్ర ఉంది కాబట్టి, ఎన్యుమరేటర్ తలుపు తట్టినప్పుడు ఇంట్లో ఉంటున్న అందరి పేర్లూ, అద్దెకున్న విద్యార్థులవీ, వలస కార్మికులవీ సహా చెప్పండి.