బాలింతకు రొమ్ము వాచినప్పుడు

బాలింతకు రొమ్ము ఒకవైపు ఎర్రబారి, గట్టిపడి, చలిజ్వరం రాగానే చాలా ఇళ్లలో బిడ్డకు పాలు మాన్పించి మల్లెపూలు కడతారు. మల్లెపూలు పాలను ఇంకింపజేస్తాయే తప్ప వాపును తీర్చవు. స్తనవిద్రధి పచ్చిగా ఉన్నా, పక్వమవుతున్నా, చీము పట్టినా పాలు తీస్తూనే ఉండాలని సుశ్రుతుడు చికిత్సాస్థానం 17వ అధ్యాయంలో విధించాడు. ఆ పాలు బిడ్డకు హాని చేయవని నేటి వైద్యులూ చెబుతారు. ఎప్పటివలెనే పాలివ్వాలి; చల్లని తడిగుడ్డ వేయాలి; గట్టిగా పిసకరాదు.

ఒక దినంలో జ్వరం తగ్గకుంటే గృహవైద్యంతో కాలయాపన తగదు. ఈ వ్యాధికి ప్రధాన కారకం స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే సూక్ష్మజీవి. ఈ జాతిలో అధికభాగం పెన్సిలిన్‌ను విచ్ఛిన్నం చేసే ఎంజైమును తయారుచేస్తుంది. అందువల్ల మామూలు పెన్సిలిన్, అమాక్సిసిలిన్ దీనిపై తరచు విఫలమవుతాయి. వైద్యులు క్లాక్సాసిలిన్ వర్గపు మందునో, సెఫలెక్సిన్‌నో ఇస్తారు. ఇంట్లో మిగిలిన ఏవో మాత్రలు మింగించడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు. 48 గంటల్లో గుణం కనిపించకపోతే పాలను కల్చర్ పరీక్షకు పంపి, క్రిమి ఏ మందుకు లొంగుతుందో తెలుసుకోవాలి. మెథిసిలిన్‌కు లొంగని రకమైతే పై మందులూ పనిచేయవు. గడ్డ కట్టి చీము చేరితే దానిని వైద్యుని చేత తీయించవలసిందే. ఆ తరువాత కూడా, గాయం బిడ్డ నోటికి తగలనంతవరకు, ఆ రొమ్ము పాలు ఇవ్వవచ్చు.