ప్రయోగశాల వెలుపల శాస్త్రవేత్త

1869లో లండన్‌లో మొదలైన ‘నేచర్’ పత్రికకు 2018లో తొలి మహిళా ప్రధాన సంపాదకురాలైన మాగ్డలీనా స్కిప్పర్, వార్తారంగంలో ఎదిగి ఆ స్థానానికి చేరినవారు కారు. ఒక మిల్లీమీటరు పొడవుండే నులిపురుగును తీసుకుని, దాని లింగాన్ని జన్యువులు ఎలా నిర్ణయిస్తాయో కేంబ్రిడ్జ్‌లో పరిశోధించిన జన్యుశాస్త్రవేత్త. సొంత ప్రయోగాలు విడిచి సంపాదకత్వంలోకి వచ్చేవారికి అక్కరకు వచ్చేది ఆ పురుగు గురించిన పరిజ్ఞానం కాదు, ఏ ప్రయోగమైనా ఎక్కడ తప్పటడుగు వేయగలదో పసిగట్టే నేర్పు.

ఒక మందు క్యాన్సర్ కణాల పెరుగుదలను ఆపిందని చెప్పే పరిశోధనపత్రం వచ్చిందనుకుంటే, మందును కరిగించిన ద్రావణాన్ని మాత్రమే ఇచ్చిన కణాల లెక్క కూడా గ్రాఫులో ఉందా అని సంపాదకుడు వెతుకుతాడు. ‘కంట్రోల్’ అనే ఈ పోలిక నమూనా లేకపోతే కణాలను ఆపింది మందో ద్రావణమో తేలదు. ఆ తర్వాత పత్రాన్ని అదే రంగంలోని ఇద్దరు ముగ్గురు నిపుణులకు పంపుతారు. దీనినే ‘పీర్ రివ్యూ’ అంటారు. ఒకరు మెచ్చుకుని మరొకరు తోసిపుచ్చినప్పుడు ఓట్లు లెక్కపెడితే చాలదు, ఎవరి అభ్యంతరంలో పస ఉందో సంపాదకుడే తేల్చుకోవాలి.

పరిశోధనకు నిధులిచ్చే కార్యక్రమాల సారథ్యమూ ఇటువంటిదే, కాకపోతే ఇక్కడ తీర్పు చెప్పవలసింది ఇంకా జరగని ప్రయోగం మీద. ఢిల్లీలో హెపటైటిస్-ఇ వైరస్‌పై దీర్ఘకాలం పనిచేసిన షాహిద్ జమీల్, 2013లో హైదరాబాదు కేంద్రంగా ఉన్న వెల్‌కమ్ ట్రస్ట్-డీబీటీ ఇండియా అలయన్స్ పగ్గాలు చేపట్టారు. జీవవైద్య పరిశోధకులకు జీతం, ప్రయోగాల ఖర్చు కొన్నేళ్లపాటు సమకూర్చే ఫెలోషిప్‌లు ఈ సంస్థ ఇస్తుంది. ఎంపిక సంఘంలో ఎవరు కూర్చోవాలి, చిన్న ఊరి విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన దరఖాస్తుకు పేరున్న సంస్థ దరఖాస్తుతో సమానంగా న్యాయం జరుగుతోందా అన్నవి ఇటువంటి బాధ్యతలో నిత్యం ఎదురయ్యే ప్రశ్నలు.

ప్రయోగశాల వదిలినవారిని పరిశోధనలో నిలదొక్కుకోలేకపోయినవారుగా చూసే అలవాటు మన విశ్వవిద్యాలయాల్లో ఇంకా ఉంది. ఇది అన్యాయమే కాదు, విజ్ఞానశాస్త్రానికి నష్టం కూడా. బెంగళూరులో పెప్టైడ్‌లపై పరిశోధన సాగిస్తూనే, 1932లో పుట్టిన ‘కరెంట్ సైన్స్’కు ఆచార్య పి. బలరామ్ సుదీర్ఘకాలం సంపాదకత్వం వహించారు గనుక రెండూ ఒకే చేతిమీద నడవవచ్చు కూడా. అయితే ఇతరుల పరిశోధనను తూచి చూసే ఈ విద్యను విద్యార్థులకు నేర్పేవారే అరుదు. తమకు సమీక్షకు వచ్చిన పత్రాన్ని, పత్రిక అనుమతితో, విద్యార్థితో కలిసి చదివి అతని పేరునూ సహసమీక్షకుడిగా నమోదు చేయించడం ఆచార్యులు రేపటినుంచే చేయగలిగిన పని. కొన్ని పత్రికలు ఆ వీలు ఇప్పటికే కల్పించాయి.