క్రూయిజర్ మోటారు సైకిలు: కొనే ముందు చేయవలసిన పరీక్ష

కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో, ఎరీ సరస్సు ఒడ్డున పోర్ట్ డోవర్ అనే చిన్న ఊరు ఉన్నది. 1981 నవంబరులో మొదలైన ఆనవాయితీ ప్రకారం, 13వ తేదీ శుక్రవారం వచ్చినప్పుడల్లా మోటారు సైకిళ్ళు ఆ ఊరికి తరలివస్తాయి. ఆ తేదీ వేసవిలో పడితే వీధులన్నీ వాహనాలతో నిండిపోతాయి. ఆ వరుసలలో ముందుగా కంటబడేది క్రూయిజర్ అనే జాతి. పల్లంగా ఉండే సీటు, వెడల్పైన హ్యాండిలు, ముందుకు వాలిన పొడవాటి ఫోర్కు, చాచిన కాళ్ళకు అందే ఫుట్‌పెగ్గులు దాని గుర్తులు.

పిల్లలు కాలేజీలకు వెళ్ళిన తరువాత ఇటువంటి బండి కొనాలన్న కోరిక ప్రవాసాంధ్ర కుటుంబాలలో కూడా తలెత్తుతూ ఉంటుంది. విజయవాడలోనో, హైదరాబాదులోనో చేతక్ స్కూటరో, బుల్లెట్టో నడిపిన చేతికి ఇది కొత్త విద్య కాదన్న ధీమా అందుకు తోడవుతుంది. ఆ ధీమా సగం మాత్రమే నిజం. చేతక్ బరువు 100 కిలోలకు కాస్త అటూఇటూ. పెద్ద క్రూయిజర్ 300 కిలోలు దాటుతుంది. బెజవాడ బజారులో వేగం 40 కిలోమీటర్లు. టొరాంటో మీదుగా పోయే 401వ రహదారిలో 100. అన్నిటినీ మించిన చిక్కు మరొకటి ఉన్నది. షోరూములో ఐదు నిమిషాలు కూర్చున్నప్పుడు హాయినిచ్చే లక్షణాలే రెండు గంటల ప్రయాణంలో బాధించవచ్చు, మలుపులో ప్రమాదం తేవచ్చు. కనుక కూర్చుని చూడడం పరీక్ష కానేరదు.

బరువు, దాని లెక్క

నిటారుగా నిలబెట్టిన బండి బరువంతా చక్రాలే మోస్తాయి. పక్కకు ఒరిగిన క్షణం నుండి ఆ భారంలో కొంత నడిపేవాని చేతులమీదికి, కాలిమీదికి వస్తుంది. 300 కిలోల బండి గురుత్వ కేంద్రం నేలకు అర మీటరు ఎత్తున ఉన్నదనుకుంటే, 5 డిగ్రీలు ఒరిగినప్పుడు ఒక మీటరు ఎత్తున ఉన్న హ్యాండిలును పట్టి ఆపడానికి సుమారు 13 కిలోల బలం చాలు. 10 డిగ్రీలకు 26, 20 డిగ్రీలకు 51 కిలోలు కావాలి. అదే 20 డిగ్రీల వద్ద 100 కిలోల స్కూటరుకు 17 కిలోలు సరిపోతుంది. పెద్ద బండ్లు ఎక్కువగా పడిపోయేది పార్కింగు స్థలంలో, ఇంటి ముందు వాలులో, ఆగుతూ కదులుతూ ఉన్నప్పుడే.

సీటు ఎత్తు ఇక్కడ మేలు చేస్తుంది. హోండా రెబెల్ 500కు సీటు ఎత్తు సుమారు 690 మి.మీ., బరువు సుమారు 190 కిలోలు. అయిదున్నర అడుగుల మనిషికి రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనుతాయి. కానీ సీటు ఎంత పల్లంగా ఉన్నా బరువు తగ్గదు. ఇంజను ఆపి, బండిని సైడుస్టాండు మీదనుండి లేపి, పది అడుగులు వెనక్కు నెట్టి చూడాలి. అది శ్రమ అనిపిస్తే అంతకంటె తేలికైన బండిని వెతకడం మేలు.

ఫోర్కు వాలు చెప్పే సంగతి

కంపెనీవారి కరపత్రంలో అశ్వశక్తి తరువాత ఎవరూ చదవని అంకెలు రెండుంటాయి. మొదటిది రేక్, అంటే హ్యాండిలు తిరిగే ఇరుసు నిలువు నుండి ఎన్ని డిగ్రీలు వాలి ఉన్నదన్నది. రెండవది ట్రెయిల్, అంటే ఆ ఇరుసును నేలదాకా పొడిగిస్తే తగిలే బిందువుకు, టైరు నేలను తాకే బిందువుకు మధ్య దూరం. దుకాణంలో సామాను తోసుకుపోయే బండి చక్రం ఎప్పుడూ తన ఇరుసు వెనుకకే వచ్చి సర్దుకుంటుంది. ట్రెయిల్ చేసే పని అదే. ముందు చక్రాన్ని నిదానంగా తిన్నని దారికి తెస్తుంది. పందెపు తరహా బండ్లలో రేక్ 24 డిగ్రీల దరిదాపుల ఉంటే, క్రూయిజర్లలో 28 నుండి 34 వరకు ఉంటుంది. చక్రాల మధ్య దూరం కూడా ఎక్కువ. అందువలన తిన్నని రహదారిలో క్రూయిజర్ నిశ్చలంగా సాగుతుంది. ఇరుకు మలుపులో మాత్రం ముందు చక్రం లోపలికి వాలిపోతున్నట్లు బరువుగా తోస్తుంది, వెడల్పు చోటు అడుగుతుంది. ఖాళీ స్థలంలో ఎనిమిది అంకె ఆకారంలో నెమ్మదిగా తిప్పితే ఈ స్వభావం వెంటనే తెలుస్తుంది.

ఒరుగుటకు ఉన్న హద్దు

మలుపులో రెండు చక్రాల బండి లోపలికి ఒరగక తప్పదు. ఒరగవలసిన కోణం వేగపు వర్గాన్ని బట్టి, మలుపు వ్యాసార్ధాన్ని బట్టి ఉంటుంది. 50 మీటర్ల వ్యాసార్ధం గల మలుపులో గంటకు 50 కి.మీ. వేగానికి సుమారు 21 డిగ్రీలు, 60కి 29 డిగ్రీలు, 70కి 38 డిగ్రీలు ఒరగాలి. టైరు వెడల్పైతే ఇంకొంచెం ఎక్కువ. క్రూయిజర్లలో చాలావాటికి 25 నుండి 35 డిగ్రీల మధ్యనే ఫుట్‌బోర్డు గాని, సైలెన్సరు గాని నేలకు రాసుకుంటుంది. రహదారి నుండి దిగే వంపులో 60 వద్ద సుఖంగా పోయిన బండి 70 వద్ద నేలను గీరవచ్చు. భయపడి మలుపు మధ్యలో బ్రేకు వేస్తే దారి తప్పుతుంది. కనుక అందంకోసం బండిని మరింత కిందికి దింపేవారు తమ మలుపులను కూడా చిన్నవి చేసుకుంటున్నారని తెలుసుకోవాలి.

గంటకు సుమారు 20 కిలోమీటర్ల వేగం దాటాక కుడికి పోవాలంటే హ్యాండిలు కుడి కొసను ముందుకు నెట్టాలి. చక్రం క్షణకాలం ఎడమకు తిరిగి, బండి కుడికి ఒరుగుతుంది. దీనిని కౌంటర్‌స్టీరింగ్ అంటారు. స్కూటరు మీద ఇది తెలియకుండానే జరిగిపోతుంది. బరువైన బండికి తెలిసి చేయాలి. లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 900 ప్రమాదాలను పరిశీలించి హ్యారీ హర్ట్ బృందం 1981లో వెలువరించిన నివేదికలో, ప్రమాదం ఎదురైనప్పుడు ఈ విధంగా పక్కకు తప్పించగలిగినవారు దాదాపు లేరని తేలింది. వెనుక బ్రేకు అతిగా తొక్కడం, ముందు బ్రేకును తక్కువగా వాడడం కూడా అందులో కనిపించాయి. వెడల్పు హ్యాండిలు మీటకర్రలా పనిచేసి ఈ నెట్టడాన్ని సులువు చేస్తుంది గాని, చేతులు పూర్తిగా చాస్తేనే అందేంత దూరంలో ఉంటే ఆ మేలు పోతుంది. హ్యాండిలును ఒకవైపు పూర్తిగా తిప్పినప్పుడు కూడా మోచేతులలో కొద్ది వంపు మిగలాలి.

మెత్తదనం వేరు, సౌఖ్యం వేరు

కాళ్ళు ముందుకు చాచి కూర్చున్న మనిషి గుంత వచ్చినప్పుడు పెగ్గుల మీద లేచి నిలబడలేడు. ప్రతి కుదుపూ పిరుదుల ద్వారా నేరుగా వెన్నెముకకు చేరుతుంది. పైగా క్రూయిజర్ వెనుక స్ప్రింగులు కదిలే దూరం తరచు 100 మి.మీ. లోపే. గడ్డకట్టే నీరు సుమారు 9 శాతం వ్యాకోచిస్తుంది గనుక, కెనడా రోడ్లు ప్రతి శీతకాలం పగిలి ఉబ్బి, వసంతంలో గుంతలు పడతాయి. పరీక్షా ప్రయాణం నున్నని రోడ్డు మీదనే ముగిస్తే ఈ సంగతి తెలియదు.

సీటులోని పాలీయురిథేన్ నురుగు మరీ మెత్తనిదైతే కాసేపట్లో అణగిపోయి, భారమంతా రెండు ఎముకల మీదికి చేరుతుంది. కొంచెం గట్టిగా, వెడల్పుగా ఉన్న సీటే దూర ప్రయాణానికి మేలు. గాలి లెక్క కూడా ఉన్నది. గాలి తాకిడి వేగపు వర్గంతో పెరుగుతుంది. 50 వద్ద ఉన్నదానికి 100 వద్ద నాలుగింతలు. రొమ్ము విప్పి కూర్చున్న మనిషి తెరచాప వంటివాడు. అద్దపు తెర లేకపోతే గంటసేపు హ్యాండిలును పట్టుకుని వేలాడవలసి వస్తుంది. వెనుక కూర్చోబోయే ఇల్లాలు కూడా తన సీటును తానే పరీక్షించాలి. బండి మీది పట్టీలో రాసిన గరిష్ఠ భారం నుండి బండి బరువు తీసివేస్తే మిగిలేదానిలో ఇద్దరి బరువు, సామాను ఇమడాలి.

పాత బండి అయితే

కెనడాలో మోటారు సైకిలు ఏడాదిలో ఐదారు నెలలు నిద్రపోతుంది. గాలిలోని ఓజోను రబ్బరు అణుశృంఖలాలలోని ద్విబంధాలను తెంచుతుంది. దానిని అడ్డుకునే మైనాలు, రక్షక రసాయనాలు టైరు దొర్లుతున్నప్పుడే బాగా పైకి వస్తాయి. అందువలన తక్కువ తిరిగిన టైరు కొత్తదిగా కనిపిస్తూనే గట్టిపడి ఉండవచ్చు. టైరు పక్కన చెక్కిన నాలుగంకెలు దాని పుట్టిన తేదీ. 2319 అంటే 2019లో 23వ వారం. గట్టిపడిన టైరుతో, ఇసుక ఇంకా మిగిలిన ఏప్రిల్ రోడ్డు మీద బండి స్వభావం తెలుసుకోవాలనుకోవడం వృథా. బ్రేకు ద్రవం తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు; నిర్ణీత పరిమాణంలో నీరు చేరిన స్థితికి ప్రమాణం 155 డిగ్రీలకు దిగుతుంది. ముదురు రంగు తిరిగిన ద్రవం అశ్రద్ధకు గుర్తు. ముందు చక్రం నేలకు తగలకుండా లేపి హ్యాండిలు తిప్పితే నడుమ ఎక్కడా తట్టు తగలరాదు.

పరీక్షా క్రమం

ఒంటారియోలో ఎం1 లైసెన్సు ఉన్నవారు రాత్రి నడపరాదు, వెనుక ఎవరినీ ఎక్కించుకోరాదు, 80 కి.మీ. మించిన వేగపరిమితి గల చాలా రహదారుల మీదికి పోరాదు. ఆ స్థితిలో బండిని సరిగా పరీక్షించడం సాధ్యం కాదు. కనుక గుర్తింపు పొందిన శిక్షణ ముగించి, ఎం2 చేతికి వచ్చాకనే కొనడం యుక్తం. అప్పుడు హెల్మెట్టు, జాకెట్టు, బూట్లు ధరించి ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. తరువాత బండిని నెట్టాలి. నెమ్మదిగా ఎనిమిది అంకె తిప్పాలి. గతుకుల వీధి, మలుపుల దారి, రహదారి కలిసిన నలభై నిమిషాల ప్రయాణం చేయాలి. దిగగానే నడుము, మణికట్లు, మెడ ఏమంటున్నాయో గమనించాలి. అప్పుడు కలిగే చిన్న నొప్పి కేప్ బ్రెటన్ దీవి ఉత్తర భాగాన్ని చుట్టివచ్చే 298 కిలోమీటర్ల కేబట్ ట్రెయిల్ మీద పెద్దదవుతుంది. అమ్మేవారు ఇంత పరీక్షకు ఒప్పుకోకపోతే మరొక దుకాణం చూసుకోవచ్చు. ఇంట్లోవారు కిటికీ దగ్గర నిలబడి ఎదురుచూసే మనిషికి, ఏ బండి గంభీరంగా ఉన్నదన్న ప్రశ్న కంటె, ఏ బండి తన బలానికి లోబడి ఉంటుందన్న ప్రశ్నే ముఖ్యం.