సంధిపత్రంలోని మాట, వార్తలోని మాట

1967 నవంబరు 22వ తేదీన ఐక్యరాజ్య సమితికి చెందిన భద్రతా సమితి ఏకగ్రీవంగా ఆమోదించిన 242వ తీర్మానంలో ఇజ్రాయిల్ సేనల ఉపసంహరణకు సంబంధించిన వాక్యం ఒక్క పంక్తిది. ఇటీవలి సంఘర్షణలో ఆక్రమించిన ప్రాంతాల నుండి సేనలు వైదొలగాలన్నది దాని భావం. ఇంగ్లీషు ప్రతిలో 'ప్రాంతాలు' అన్న పదానికి ముందు నిర్దిష్టతను తెలిపే 'ది' అన్న చిన్న మాట లేదు. ఆ మాట లేదు కనుక అన్ని ప్రాంతాల నుండి వైదొలగనక్కరలేదు, కొన్నింటిని వదలినా చాలునన్నది ఇజ్రాయిల్ వాదన. ఫ్రెంచి ప్రతిలో ఆ నిర్దేశకం ఉన్నది. యుద్ధం ద్వారా భూమిని సంపాదించడం ఆమోదయోగ్యం కాదని తీర్మానపు పీఠికే చెబుతున్నదన్నది అరబ్బుల వాదన. అప్పుడు భద్రతా సమితిలో సభ్యురాలైన మన దేశం, ఆక్రమించిన ప్రాంతాలన్నింటి నుండీ వైదొలగడమనే అర్థంలోనే తాను ఈ తీర్మానాన్ని బలపరుస్తున్నట్లు సభలోనే స్పష్టం చేసింది. అరబ్బీ భద్రతా సమితిలో అధికార భాష అయినది 1982లో. అంటే ఏ ప్రజల భూమి గురించి తీర్మానం జరిగిందో ఆ ప్రజల భాషకు ఆనాడు సభలో స్థానమే లేదు.

ఇదే వాక్యం తెలుగులోకి వస్తే ఏమవుతుంది? తెలుగులో అటువంటి నిర్దేశకమే లేదు. 'తీసుకున్న పుస్తకాలు తిరిగి ఇచ్చెయ్యి' అంటే, రెండు ఇచ్చి మిగిలినవి ఉంచుకోవచ్చునని తెలుగువాడెవడూ అర్థం చేసుకోడు. కనుక తెలుగు వాక్యం తనంతట తానే అరబ్బుల పక్షాన నిలుస్తుంది. ముస్లిం పాఠకునికి ఇది సంతోషం కలిగించవచ్చు గాని, ఇందులో ఒక నష్టం ఉన్నది. తీర్మానం ఇంత స్పష్టంగా ఉండగా ఇన్ని దశాబ్దాలుగా వాదన దేని మీద జరుగుతున్నదో ఆ పాఠకునికి బోధపడదు. ఎదుటివాని వాదం ఏ పదం మీద నిలిచి ఉన్నదో తెలియనివాడు దానికి సమాధానం చెప్పలేడు. మనకు అనుకూలమైన అనువాదం సైతం మనల్ని చీకటిలో ఉంచగలదు.

ఒకే పత్రాన్ని ఇద్దరు రెండు విధాలుగా చదువుకునేందుకు లిఖితపూర్వకమైన ఏర్పాటు జరిగిన సందర్భమూ ఉన్నది. 1978 సెప్టెంబరులో ఈజిప్టు అధ్యక్షుడు సాదాత్, ఇజ్రాయిల్ ప్రధాని బెగిన్ క్యాంప్ డేవిడ్‌లో సంతకాలు చేసిన ఒప్పందానికి కొన్ని లేఖలను జతపరచారు. వాటిలో ఒకటి అమెరికా అధ్యక్షుడు కార్టర్ బెగిన్‌కు వ్రాసినది. ఒప్పందంలో 'పాలస్తీనా ప్రజలు' అని ఉన్న ప్రతిచోటా బెగిన్ దానిని 'పాలస్తీనా అరబ్బులు' అనీ, 'వెస్ట్ బ్యాంక్' అని ఉన్నచోట 'యూదయా, సమరియా' అనీ అర్థం చేసుకుంటాడని ఆ లేఖ నమోదు చేసింది. మొదటి మార్పు ఒక జాతిని విశాల అరబ్బు జనంలో ఒక భాగంగా కుదిస్తుంది. రెండవది నేటి భూమికి బైబిలు కాలపు పేరు పెడుతుంది. శాంతి కుదిరిందని ప్రపంచ పత్రికలు పెద్ద అక్షరాలతో ప్రకటించాయి. ఈ లేఖకు అంతటి స్థానం దక్కలేదు.

1993 నాటి ఓస్లో ఒడంబడిక విషయమూ ఇట్టిదే. సెప్టెంబరు 13న వైట్ హౌస్ పచ్చికపై రాబిన్, అరాఫాత్ చేతులు కలిపిన ఛాయాచిత్రం లోకమంతటా ప్రచురితమైంది. అంతకు నాలుగు రోజుల ముందు మారిన లేఖలను చదివినవారు తక్కువ. అరాఫాత్ లేఖ ఇజ్రాయిల్ రాజ్యానికి శాంతి భద్రతలతో మనుగడ సాగించే హక్కును గుర్తించింది. రాబిన్ లేఖ పి.ఎల్.ఓ.ను పాలస్తీనా ప్రజల ప్రతినిధిగా గుర్తించింది. ఒకవైపు ఒక రాజ్యానికి గుర్తింపు, మరొకవైపు ఒక సంస్థకు గుర్తింపు! పాలస్తీనా రాజ్యం ఏర్పడుతుందన్న మాట ఒడంబడికలో ఎక్కడా లేదు. జెరూసలేం, కాందిశీకులు, యూదుల వలస స్థావరాలు, సరిహద్దులు తరువాతి చర్చలకు వాయిదా పడ్డాయి. అప్పటికి తూర్పు జెరూసలేంను మినహాయించి వెస్ట్ బ్యాంక్‌లో సుమారు లక్షా పదివేల మంది యూదు వలసదారులు ఉండగా, 2000 నాటికి ఆ సంఖ్య లక్షా తొంభై వేలు దాటింది. 'శాంతి ప్రక్రియ కొనసాగుతున్నది' అని వార్తలు చెప్పిన సంవత్సరాలివే.

ముస్లిం పాఠకుడు ప్రత్యేకంగా గమనించదగిన ఘట్టం 1994 మేలో జరిగింది. అదే ఏడాది ఫిబ్రవరి 25న అల్-ఖలీల్‌లోని ఇబ్రాహీమీ మస్జిద్‌లో నమాజు చేస్తున్న 29 మందిని ఒక యూదు వలసదారుడు కాల్చి చంపాడు. ఏప్రిల్‌లో అఫూలా, హదేరా పట్టణాలలో బాంబు దాడులకు ఇజ్రాయిలీలు బలయ్యారు. ఆ నేపథ్యంలో, మండేలా పదవీ స్వీకారానికి వెళ్ళిన అరాఫాత్ జోహాన్నెస్‌బర్గ్‌లోని ఒక మస్జిద్‌లో ప్రసంగిస్తూ, జెరూసలేం కొరకు జిహాద్‌ను ప్రస్తావించి, తాను చేసుకున్న ఒప్పందాన్ని హుదైబియా సంధితో పోల్చాడు. ఎవరో రహస్యంగా రికార్డు చేసిన ఆ ప్రసంగం బయటికి వచ్చింది. బలం లేనప్పుడు సంధి చేసుకుని, బలం రాగానే దానిని కాలరాయడమే హుదైబియా అన్న వ్యాఖ్యానం పత్రికలలో వ్యాపించింది. ఆ వ్యాఖ్యానానికి ఆధారమెక్కడ?

హిజ్రీ 6వ సంవత్సరంలో దైవప్రవక్త ముహమ్మద్ (స) సుమారు 1,400 మంది సహచరులతో ఉమ్రా కొరకు బయలుదేరగా ఖురైషులు అడ్డగించారు. సంధిపత్రం వ్రాస్తున్నప్పుడు తగవు మొట్టమొదట మాటల మీదనే వచ్చింది. 'బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీమ్' అన్న ఆరంభాన్ని ఖురైషుల ప్రతినిధి సుహైల్ బిన్ అమ్ర్ ఒప్పుకోలేదు. 'దైవప్రవక్త ముహమ్మద్' అని వ్రాస్తే, తాము ఆ సంగతిని అంగీకరించి ఉంటే అడ్డగించేవారమే కాదన్నాడు. ఆ మాటను చెరిపివేయడానికి హజ్రత్ అలీ (రజి)కి చేతులాడలేదు. ప్రవక్త (స) తామే దానిని చెరిపించి, 'అబ్దుల్లాహ్ కుమారుడు ముహమ్మద్' అని వ్రాయించారు. అంతలో సుహైల్ కన్నకొడుకు అబూ జందల్ (రజి) సంకెళ్ళు ఈడ్చుకుంటూ వచ్చి శరణు కోరగా, షరతు ప్రకారం ఆయనను తిరిగి అప్పగించారు. హజ్రత్ ఉమర్ (రజి) అంతటివారికే ఆ సంధి మింగుడు పడలేదు. పదేళ్ళకు కుదిరిన ఆ సంధి రెండేళ్ళకే భగ్నమైనది ముస్లింల వలన కాదు. ఖురైషుల మిత్రులైన బనూ బక్ర్ తెగవారు ప్రవక్త (స) మిత్రపక్షమైన ఖుజాఆ తెగపై దాడి చేసినప్పుడు ఖురైషులు వారికి ఆయుధ సహాయం చేశారు. ఆ తరువాతనే మక్కా విజయం జరిగింది. ఇంత చరిత్రను ఒక వాక్యానికి కుదించి, ఆ వాక్యాన్ని కూడా తలక్రిందులు చేసినది వార్తా వ్యాఖ్యానం.

అయినప్పటికీ అరాఫాత్‌ను పూర్తిగా సమర్థించలేము. సంతకాల సిరా ఆరకముందే, జిహాద్ పేరుతో కలిపి ఆ పోలికను తేవడం వివేకమనిపించుకోదు. తాను ఉద్దేశించినది శాంతియుతమైన జిహాద్ అని తరువాత ఆయన వివరణ ఇచ్చాడు. మస్జిద్‌లో ఒక స్వరం, సమావేశ మందిరంలో మరొక స్వరం వినిపిస్తే ఎదుటివారు అనుమానించడం సహజం. హుదైబియాలోనైతే పత్రంలో వ్రాసినదే అనుచరులకూ చెప్పారు.

2000 జూలైలో క్యాంప్ డేవిడ్‌లో మరల చర్చలు జరిగి విఫలమైనప్పుడు 'ఉదారమైన ప్రతిపాదన' అన్న పదబంధం పుట్టింది. ప్రధాని బరాక్ అంతా ఇస్తానన్నా అరాఫాత్ కాదన్నాడని దాని తాత్పర్యం. తొంభై శాతం భూమి అన్నారు. దేనిలో తొంభై? ఇజ్రాయిల్ లెక్కలో తూర్పు జెరూసలేం చేరలేదు. ఇజ్రాయిల్ తన ప్రతిపాదనను లిఖితరూపంలో పాలస్తీనీయులకు ఇవ్వలేదు. ఆ చర్చలలో క్లింటన్ బృందంలో పాల్గొన్న రాబర్ట్ మాలీయే, హుసేన్ ఆగాతో కలిసి 2001లో ప్రచురించిన వ్యాసంలో, తప్పు ఒక్కరిదే అనడం సరికాదని వివరించాడు. 2001 జనవరిలో తాబాలో ఉభయ పక్షాలు మునుపెన్నడూ లేనంత దగ్గరికి వచ్చామని సంయుక్త ప్రకటన కూడా చేశాయి. పదబంధం మాత్రం నిలిచిపోయింది. అది చిన్నది, శీర్షికలో ఇముడుతుంది.

వార్త తెచ్చినవాడు నమ్మదగినవాడు కాకుంటే దానిని విచారించుకోవాలని అల్ హుజురాత్ సూరా 6వ ఆయతు ఆదేశిస్తున్నది. హదీసు పండితులు మాట కంటే ముందు సనదును, అనగా చెప్పినవారి వరుసను పరిశీలించేవారు. వార్తకూ సనదు ఉంటుంది. పాలస్తీనా వార్త సాధారణంగా పశ్చిమ జెరూసలేంలో కార్యాలయమున్న విదేశీ విలేఖరి నుండి అంతర్జాతీయ వార్తా సంస్థకూ, అక్కడి నుండి ఢిల్లీకీ, ఢిల్లీ నుండి తెలుగు ఉపసంపాదకుని బల్లపైకీ చేరుతుంది. 2023 అక్టోబరులో గాజా యుద్ధం మొదలైన తరువాత రెండేళ్ళపాటు విదేశీ విలేఖరులను ఇజ్రాయిల్ అక్కడికి స్వతంత్రంగా వెళ్ళనివ్వలేదు. అక్కడి సంగతులు పంపినవారు పాలస్తీనా విలేఖరులు. వారిలో వందమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు.

ఆ వరుసలో చివరివాడైన ఉపసంపాదకునికి వ్యవధి తక్కువ, ఎంచుకోవలసిన మాటలు మాత్రం బరువైనవి. ఇజ్రాయిల్ ప్రభుత్వం 'వివాదాస్పద ప్రాంతాలు' అనేవాటిని అంతర్జాతీయ న్యాయస్థానం 2004 జూలై 9న ఇచ్చిన అభిప్రాయంలో 'ఆక్రమిత' ప్రాంతాలన్నది. 2024 జూలై 19న మరొక అభిప్రాయమిస్తూ, అక్కడ ఇజ్రాయిల్ ఉనికి కొనసాగడమే చట్టవిరుద్ధమన్నది. 2004లో న్యాయమూర్తుల ముందున్న ప్రశ్న వెస్ట్ బ్యాంక్‌లో ఇజ్రాయిల్ కడుతున్న నిర్మాణాన్ని గురించినది. ఇజ్రాయిల్ దానిని 'కంచె' అంటుంది, కొందరు 'అడ్డు' అంటారు. పేరును గురించి చర్చించిన న్యాయస్థానం, భౌతికార్థంలో చూస్తే ఆ పేర్లు సైతం అంతకంటే కచ్చితమైనవేమీ కావని చెప్పి, ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ తన ప్రశ్నలో వాడిన 'గోడ' అన్న మాటనే తన అభిప్రాయంలోనూ వాడింది.