రెండు చీటీలు

దిల్‌సుఖ్‌నగర్ దాటి ఎల్.బి.నగర్, హయత్‌నగర్‌ల మీదుగా విజయవాడకు పోయే బాట, బాహ్యవలయ రహదారిని కలిసే చోట పెద్ద అంబర్‌పేట్ ఉన్నది. అక్కడి గృహిణి ఒకామె కీళ్లవాతానికి నగరంలోని నిపుణుని మందు పుచ్చుకొంటున్నదనుకోవచ్చు. కొన్నాళ్లకు మూత్రంలో మంట పుట్టినది. అంత దూరం పోవడమెందుకని దాపుననున్న వైద్యుని వద్దకు వెళ్లినది. మొదటి చీటీ బీరువాలోనే ఉండిపోయినది. రెండవది చేతికి వచ్చినది. వైద్యులిద్దరూ సమర్థులే, మందులు రెండూ మంచివే. అయినను, మొదటిది మెథోట్రెక్సేట్, రెండవది కోట్రైమాక్సజోల్ అయిన పక్షంలో ఆమె ప్రాణానికే ముప్పు.

మెథోట్రెక్సేట్ చరిత్ర తెలుగువారికి పరాయిది కాదు. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకుడై ఉండగా, ఆయన బృందం ఫోలికామ్లాన్ని కృత్రిమంగా తయారుచేసినది. స్ప్రూ అనే వ్యాధి తన సోదరులను బలిగొనగా చూచినవాడాయన. రక్తానికి ఆయువుపట్టయిన ఈ విటమిను కోసం తపించడంలో వింత లేదు. పిమ్మట ఆ బృందమే దానికి శత్రువులనూ సృష్టించినది. అవి రూపంలో ఫోలికామ్లాన్ని పోలి ఉంటవి గాని దాని పని చేయవు. వానిలో అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ల్యూకీమియా సోకిన పిల్లలకిచ్చి, కొందరిలో వ్యాధి తాత్కాలికంగా తగ్గినదని 1948లో ప్రకటించాడు. ఆ యేడే సుబ్బారావు కన్నుమూశాడు. అమినోప్టెరిన్‌కు తోబుట్టువే మెథోట్రెక్సేట్.

శరీరంలో కొత్త కణం పుట్టడానికి ఫోలికామ్లం కావాలి. దానిని పనికివచ్చే రూపానికి మార్చే ఎంజైమును మెథోట్రెక్సేట్ పట్టి బంధిస్తుంది. కీళ్లవాతానికి దానిని స్వల్ప మోతాదులో వారానికి ఒక్క దినమే ఇస్తారు. (పొరపాటున ప్రతిదినమూ మింగి ప్రాణం మీదికి తెచ్చుకొన్నవారున్నారు.) ఇక కోట్రైమాక్సజోల్‌లోని ట్రైమెథోప్రిమ్ దెబ్బతీసేది సూక్ష్మజీవులలోని ఆ ఎంజైమునే. మనిషి ఎంజైము జోలికి అది అంతగా పోదు. అందుచేతనే ఒంటరిగా వాడినప్పుడు చాలమందికి ఈ చిక్కు రాదు. కాని ఎంజైము ఇదివరకే బంధంలో ఉన్నప్పుడు ఆ కొద్దిపాటి తాకిడి కూడ బరువే. చాలదన్నట్లు, మెథోట్రెక్సేట్ మూత్రపిండాల ద్వారా వెలుపలికి పోవడం కూడ మందగిస్తుంది. ఎముకల మూలుగలో రక్తకణాల పుట్టుక అడుగంటుతుంది. నోరు పూస్తుంది, జ్వరం వస్తుంది, దెబ్బ తగలకయే ఒంటిపై కమిలిన మచ్చలు కనబడతవి. ముసలివారికి, మూత్రపిండాలు నీరసించినవారికి అపాయం మరీ హెచ్చు; మరణాలు వైద్య సాహిత్యానికెక్కినవి. నోటిపూతను చూచి వేడి చేసినదని మజ్జిగ తాగి ఊరకుండే ఇళ్లెన్నో! అప్పుడు కావలసినది మజ్జిగ కాదు, ఆసుపత్రి. అక్కడ ఫోలినికామ్లమనే విరుగుడు ఉన్నది.

అన్ని జంటలూ ఇంత ఉగ్రమైనవి కావు. 1948లో లెడర్లీవారే వెలువరించిన ఆరియోమైసిన్ టెట్రాసైక్లిన్ జాతికి మొదటిది. ఆ జాతి మందులను ఇనుప మాత్రలతోనో, కడుపుమంట మాత్రలతోనో కలిపి మింగితే ఆ లోహాలకు అంటుకొని రక్తంలోకి సరిగా చేరవు. రోగం తగ్గలేదని మందును నిందించడం మామూలు.

పెద్ద అంబర్‌పేట్ గృహిణికి రెండవ వైద్యుడు మూత్రపు మంటకు వేరొక మందు వ్రాయగలడు, అటువంటివి లేకపోలేదు. అందుకు ముందుగా బీరువాలోని చీటీ ఆయన బల్ల మీదికి రావాలి.