సిల్హెట్ వాళ్లే లండన్‌కు ఎందుకు వెళ్లారు?

లండన్‌లో ‘ఇండియన్ రెస్టారెంట్’ అన్న బోర్డు చూసి లోపలికి వెళ్లిన తెలుగువాళ్లు ఒక్కోసారి ఆశ్చర్యపోతుంటారు. వంటవాడు, వడ్డించేవాడు, గల్లాపెట్టె దగ్గర కూర్చున్న యజమాని అందరూ బంగ్లాదేశీయులే. ఇంకాస్త మాట కలిపితే, అందరిదీ సిల్హెట్ ప్రాంతమేనని బయటపడుతుంది. 2021 జనాభా లెక్కల ప్రకారం ఇంగ్లండ్, వేల్స్‌లలో బంగ్లాదేశీ మూలాలున్నవారు దాదాపు 6.45 లక్షల మంది. వాళ్లలో అత్యధికుల సొంతూళ్లు బంగ్లాదేశ్‌లో ఈశాన్య మూలనున్న ఆ ఒక్క ప్రాంతంలోనే ఉన్నాయి.

పేదరికమే కారణమని చెప్పి ఊరుకోవడం సులువు. కానీ అది సరిపోదు. ఉత్తరాన రంగపూర్ వైపు ఆకలి రోజులు ఎక్కువ; అక్కడినుంచి లండన్ చేరినవాళ్లు మాత్రం బహు తక్కువ. పరాయి దేశం పోవడానికి అవసరం ఒక్కటే చాలదు. చేతిలో కొంత డబ్బుండాలి, అవతలి ఒడ్డున తెలిసిన మనిషి ఉండాలి. సిల్హెట్‌లో చిన్నదో పెద్దదో సొంత భూమి ఉన్న కుటుంబాలు చాలా ఉండేవి కాబట్టి, దారి ఖర్చుకు డబ్బు పుట్టేది. తెలిసిన మనిషి ఓడల వల్ల దొరికాడు.

వానాకాలమంతా నీళ్లలో తేలే ఆ ప్రాంతంలో పడవ నడపడం పుట్టుకతో వచ్చే విద్య. అక్కడి యువకులు కలకత్తా రేవుకు వచ్చి, బ్రిటిష్ ఆవిరి ఓడల్లో పనికి కుదిరేవారు. పనంటే డెక్ మీద గాలి పీల్చుకుంటూ చేసేది కాదు. అడుగున ఇంజన్ గదిలో, మండే కొలిమి ముందు నిలబడి పారతో బొగ్గు ఎత్తిపోయడం. ఉక్కకు సొమ్మసిల్లి పడిపోయినవాళ్లున్నారు. తెల్ల నావికుడికి ఇచ్చే జీతంలో వీళ్లకు దక్కేది చిన్న వాటా. కూలీలను ఎంచుకోవడంలో వాళ్ల పైమేస్త్రీ అయిన సరంగు మాటే చెల్లేది. సరంగు సిల్హెట్ వాడైతే తన ఊరివాణ్ణి, తన చుట్టాన్ని పెట్టుకునేవాడు. అలా ఇంజన్ గదులు ఒకే ప్రాంతం వాళ్లతో నిండిపోయాయి. ఓడ లండన్ రేవులో ఆగినప్పుడు కొందరు మెల్లగా జారుకుని, తూర్పు లండన్‌లో ఎవరో ఊరివాడి గది తలుపు తట్టేవారు.

ఈ సన్నని కాలిబాటను రాజమార్గం చేసింది, చిత్రంగా, వలసలను అదుపు చేయడానికి తెచ్చిన చట్టమే. 1962 నాటి కామన్వెల్త్ వలస చట్టం పని వోచర్ల పద్ధతి పెట్టింది. అప్పటికే అక్కడున్నవాళ్లు ఫలానా చోట ఉద్యోగం ఉందని చూపించి తమ్ముళ్లకు, మేనల్లుళ్లకు, ఊరివాళ్లకు వోచర్లు సంపాదించిపెట్టారు. మొదట మగవాళ్లే వచ్చారు. మిల్లుల్లో, దర్జీ పనిలో చేరి, ఒకే గదిలో వంతులవారీగా పడుకుంటూ ఇంటికి డబ్బు పంపారు. ఆ తర్వాత చట్టాలు ఇంకా బిగుసుకోవడంతో వెళ్లిరావడం కష్టమైపోయి, భార్యాపిల్లలను అక్కడికే రప్పించుకున్నారు.

కాపురాలు వచ్చాకే తూర్పు లండన్ వాళ్ల పేట అయింది. అక్కడి బ్రిక్ లేన్ వీధిలోని మసీదు చూడండి. 1743లో ఫ్రాన్స్ నుంచి పారిపోయివచ్చిన ప్రొటెస్టెంట్లు కట్టుకున్న చర్చి అది. తర్వాత మెథడిస్టులదైంది, ఆపై యూదుల ప్రార్థనా మందిరమైంది, 1976లో మసీదయింది. గోడలు అవే, ఆశ్రయం కోరి వచ్చినవాళ్లు మారారు. అయితే ఆ ఆశ్రయం ఎవరూ ఊరికే ఇవ్వలేదు. 1978 మే 4న అల్తాబ్ అలీ అనే యువ దర్జీ కార్మికుణ్ణి, పని ముగించుకుని ఇంటికి వెళ్తుండగా, జాతి ద్వేషంతో పొడిచి చంపారు. పది రోజులకు వేలమంది అతని శవపేటిక వెంట నగరం నడిబొడ్డు దాకా నడిచారు. తలవంచుకుని బతకడం అలవాటైన తరం వీధికెక్కిన రోజది. అతను చనిపోయిన చోటి పార్కుకు ఇప్పుడు అతని పేరే ఉంది. 2010లో ఆ ప్రాంతం నుంచే వీళ్లలో ఒకరైన రుషనారా అలీ పార్లమెంటుకు ఎన్నికయ్యారు. ఒకప్పుడు చదువులో బాగా వెనకబడ్డ బంగ్లాదేశీ కుటుంబాల పిల్లలు ఇప్పుడు పదహారేళ్ల వయసులో రాసే పరీక్షల్లో దేశ సగటును దాటిపోతున్నారు. ఇరుకు ఇళ్లు, పేదరికం మాత్రం ఇంకా వదల్లేదు.

బంగ్లాదేశ్ నుంచే సాగిన మరో వలసను పక్కన పెట్టి చూస్తే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 1970ల నుంచి కుమిల్లా, నోఆఖాలీ, చిట్టగాంగ్ వంటి జిల్లాల వాళ్లు గల్ఫ్ బాట పట్టారు. జగిత్యాల, సిరిసిల్ల, కోనసీమ నుంచి వెళ్లినవాళ్లకు వీళ్లు కొత్త కాదు; అవే లేబర్ క్యాంపులు, వీసాకు పూచీపడే అదే కఫీల్, ఏజెంటుకు కట్టడానికి చేసిన అదే అప్పు. బంగ్లాదేశ్‌కు డబ్బు పంపేవాళ్లలో గల్ఫ్ కార్మికులది పెద్ద వాటా. అయినా ముప్పై ఏళ్లు పనిచేసినా అక్కడ వాళ్లకంటూ ఒక బ్రిక్ లేన్ ఏర్పడలేదు. తెలివి తక్కువై కాదు, కష్టం తక్కువై అసలే కాదు. మామూలు కూలీ జీతానికి అక్కడ కుటుంబాన్ని రప్పించుకునే వీసా రాదు. కాంట్రాక్టు ముగిస్తే విమానం ఎక్కాల్సిందే. అక్కడే పుట్టి, అక్కడి బడిలో చదివి, అక్కడ ఓటు వేసే రెండో తరం ఆ కూలీకి లేదు.